సాల్ట్ లేక్ ఆలయం: రాయికిచ్చిన విలువ రంగుకు ఇవ్వలేదు

2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అమెరికాలోని యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీలో ఉన్న మోర్మన్ (క్రీస్తుని నమ్మే ఒక అమెరికా మత సంఘం) ఆలయం తలుపులు అందరికీ తెరుస్తారట. 1893లో ప్రతిష్ఠ జరిగాక ఆ మతానికి చెందనివాళ్లు మామూలుగా లోపలికెళ్లి చూసే అవకాశం రావడం ఇదే మొదటిసారి. ఈ కబురు బయటికొచ్చినప్పటి నుంచి కనిపిస్తున్న వ్యాసాలన్నిటిలోనూ ఒకే విషయం: పాత కట్టడం కింద 98 ఐసోలేటర్లు (నేల కుదుపుని కట్టడందాకా రానివ్వని పరికరాలు) పెట్టారు, భూకంపం వస్తే మొత్తం ఆలయం అయిదడుగుల దాకా పక్కకి జరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. గొప్ప పనే. నేను కాదనను, కింద దాని గురించి వివరంగానే రాస్తాను. కానీ ఈ వ్యాసాల్లో ఒక్క వాక్యంగా వచ్చి పోతున్న సంగతి ఇంకొకటుంది: లోపలి గోడలమీది పాత చిత్రాలు ఇక లేవు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూ సాగే పాత పద్ధతి కూడా లేదు.

ఈ రెండో సంగతి మొదటిదానికన్నా పెద్దదని నా అభిప్రాయం. ఆరు శిఖరాలూ, బూడిదరంగు రాతి గోడలూ ఈ ఆలయానికి ముఖం మాత్రమే. దాని అసలు రూపకల్పన లోపలి నడకలో ఉంది. ముఖాన్ని కాపాడటానికి లోకంలో ఉన్న ఇంజనీరింగు తెలివంతా వాడారు. నడకని మాత్రం తీసేయాలని నిర్ణయించి తీసేశారు. అది తప్పు, అందులోనూ తప్పించుకోగలిగిన తప్పు అని నేననుకుంటున్నాను.

మోర్మన్లు ఆదివారం ప్రార్థనకి వెళ్లేది ఈ ఆలయానికి కాదు. దానికి ఊరూరా మామూలు సమావేశ మందిరాలున్నాయి. ఆలయం వేరు: సంఘం నియమాల ప్రకారం అర్హత పత్రం ఉన్నవాళ్లే వెళ్తారు, చనిపోయినవాళ్ల తరఫున బాప్తిస్మం, వివాహ బంధనం లాంటి కొన్ని ప్రత్యేక క్రతువులకే వెళ్తారు. కాబట్టి ఇక్కడ గదుల అమరిక అంటే సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు కాదు, క్రతువులో అది ఒక భాగం. నేను చెప్పే లోపలి వివరాలన్నీ సంఘం స్వయంగా ప్రచురించినవే. 1911లో ఎవరో దొంగచాటుగా లోపలి ఫొటోలు తీసి బేరం పెడితే, సంఘం బెదరకుండా తన ఫొటోగ్రాఫర్ చేత చక్కటి ఫొటోలు తీయించి, సంఘం పండితుడు జేమ్స్ టాల్మేజ్ చేత వివరణ రాయించి మరుసటి ఏడాదే పుస్తకంగా వేసింది. ఆ గదులు ఎలా ఉండేవో మనకి ఇంత బాగా తెలియడానికి కారణం ఆ నిర్ణయమే.

ఇసుకరాయి పునాది

1847 జులై చివర్లో, సాల్ట్ లేక్ లోయకి చేరుకున్న నాలుగు రోజులకే, సంఘం నాయకుడు బ్రిగమ్ యంగ్ ఆలయం ఎక్కడ రావాలో చేతికర్రతో చూపించాడు. 1853 ఫిబ్రవరిలో తవ్వకం, ఏప్రిల్ 6న మూలరాళ్లు. సరిగ్గా 40 ఏళ్లకి, 1893 ఏప్రిల్ 6న ప్రతిష్ఠ. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందనే ప్రశ్నకి జవాబులో సగం పునాదిలోనే ఉంది.

దేంతో కట్టాలన్న దానిమీదే 1852లో పెద్ద చర్చ నడిచింది. పచ్చి ఇటుకలతో కడదామన్నది యంగ్ వైపు నుంచే వచ్చిన ఆలోచన: కాలం గడిచేకొద్దీ మట్టి ఇటుక గట్టిపడుతుందనీ, రాయి అరిగిపోతుందనీ ఆయన నమ్మకం. చివరికి రాయే నెగ్గింది. పునాదికి దగ్గర్లోని రెడ్ బ్యూట్ లోయ ఇసుకరాయి తెచ్చారు. పునాది అడుగున 16 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు.

1857లో అమెరికా ప్రభుత్వ సైన్యం యూటా వైపు బయల్దేరింది. అది 1858లో ఊరు చేరేలోపే పునాదిని మట్టితో పూడ్చేసి, పైన దున్నిన పొలంలా కనిపించేట్టు చేశారు. సైన్యం ఖాళీ ఊళ్లోంచి నడిచి వెళ్లిపోయింది. తరవాత మట్టి తీసి చూస్తే రాళ్లు పగుళ్లిచ్చి ఉన్నాయి. వెయ్యేళ్లు నిలవాల్సిన గుడి ఇలాంటి పునాదిమీద నిలవదని, చెడిన రాయి తీసేసి గట్టి రాయితో కట్టమన్నాడు యంగ్. అలా లిటిల్ కాటన్‌వుడ్ లోయ రాయి వచ్చింది. అందరూ గ్రానైట్ అంటారు, భూగర్భ శాస్త్రం ప్రకారం అది క్వార్ట్జ్ మాంజోనైట్. గ్రానైట్‌కి దగ్గరి చుట్టం, చూపుకి తేడా తెలియదు.

ఆ లోయ 20 మైళ్ల దూరం. కొండని తొలిచి రాయి తీసే అవసరం పెద్దగా రాలేదు. పైనుంచి దొర్లిపడి లోయ అడుగున కూచున్న ఇళ్లంత బండలు ఎన్నో ఉన్నాయి. బండమీద ఉలితో వరసగా బెజ్జాలు కొట్టి, వాటిలో ఇనుప మేకులు దిగ్గొట్టి, ఆ గీత వెంట చీల్చేవారు. ఒక్కో దిమ్మె టన్ను పైచిలుకు నుంచి రెండున్నర టన్నుల దాకా ఉండేది. నాలుగు జతల ఎడ్లు కట్టిన బండి వెళ్లి రావడానికి మూణ్ణాలుగు రోజులు. పడవలమీద తేవచ్చని కాలవ కూడా తవ్వి, పనికిరాక వదిలేశారు. 1868-69లో ఖండాన్ని దాటే రైలుమార్గం పనికి కూలీలూ మేస్త్రీలూ వెళ్లిపోవడంతో ఆలయం మళ్లీ వెనకబడింది. అయితే ఆ రైలే తరవాత ఆదుకుంది: 1873లో పట్టాలు లోయ దాకా వేశాక రాయి రాక రోజుల్లోంచి గంటల్లోకి దిగింది. 1877లో యంగ్ చనిపోయేనాటికి గోడలు సగం కూడా లేవలేదు.

ఆ గోడలు అడుగున 9 అడుగుల మందం, పైన 6 అడుగులు. లోపల ఇటుక పెట్టి పైన రాతి పలకలు అతికిన గోడ కాదు, నిండు రాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, భూకంపం దగ్గర మళ్లీ వస్తుంది.

కోడిగుడ్డు కిటికీలు

నా వాదనకి ఎదురు వచ్చే మొదటి మాట ఆలయం చరిత్రలోనే ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లోపలి నడక మొదటి నక్షాలో లేనే లేదు.

మొదటి వాస్తుశిల్పి ట్రూమన్ ఏంజెల్, యంగ్ బావమరిది. వడ్రంగం నుంచి ఎదిగినవాడు. ఆయన మనసులో ఉన్నది ఒహాయోలోని కర్ట్‌లండ్ (1836), ఇల్లినాయ్‌లోని నావూ (1846) ఆలయాల పద్ధతి: ఒకదానిమీద ఒకటి రెండు పెద్ద సభామండపాలు, ఒక్కో మండపం పైకప్పు విల్లులా వంగి ఉంటే, ఆ వంపుకి రెండు పక్కలా మిగిలే చోటులో చిన్న గదులు. ఆ చిన్న గదుల వెలుతురు కోసమే పొడుగు కిటికీల వరసల మధ్య గుండ్రటి కిటికీలు. సాల్ట్ లేక్‌లో ఏంజెల్ వాటిని కోడిగుడ్డు ఆకారంలో గీశాడు.

ఇప్పుడు దక్షిణం గోడకి ఎదురుగా నిలబడి చూస్తే ఆ కిటికీలు వరసగా కనిపిస్తాయి: పొడుగు కమాను కిటికీల వరస, దానిమీద కోడిగుడ్డు కిటికీల వరస, మళ్లీ కమానులు, మళ్లీ కోడిగుడ్లు. బయటి గోడ ఇంకా రెండు సభామండపాల కథే చెబుతోంది. లోపల మాత్రం పైనున్న మండపం ఒక్కటే వచ్చింది: 120 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు, తూర్పు కొసనా పడమటి కొసనా ఎదురెదురు వేదికలు. కింది మండపాన్ని వదిలేసి, గదుల వరస పెడదామన్నది ఏంజెల్ కొడుకు 1880ల్లో తెచ్చిన ప్రతిపాదన. 1887లో పెద్ద ఏంజెల్ చనిపోయాక పని బ్రిగమ్ యంగ్ కొడుకు జోసెఫ్ డాన్ కార్లోస్ యంగ్ చేతికొచ్చింది. గదుల వరస ఖాయమైంది ఆయన హయాంలోనే. అప్పటికి గోడలు లేచిపోయాయి, కిటికీలు కదలవు. కొత్త గదులే ఆ కిటికీలకి సర్దుకున్నాయి.

కాబట్టి "1893లో ఉన్నదే అసలుది, దాన్ని ముట్టుకోకూడదు" అని నేననను. ఆ 1893 లోపలి భాగం కూడా ఒక మార్పే. మార్చే హక్కు ఆనాటివాళ్లకుంటే ఈనాటివాళ్లకెందుకు లేదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. చివరికి నాకు తోచిన జవాబు ఇది: ఆనాటి మార్పు బయటి గోడ చెబుతున్న మాటని లోపలికి తీసుకొచ్చింది. ఈనాటి మార్పు ఆ మాటని లోపల చెరిపేసింది.

బయటి గోడ ఏం చెబుతోందో చూడండి. గోడని ఆనుకుని నిలువుగా లేచిన రాతి కట్టులున్నాయి. ఒక్కో కట్టు అడుగున భూగోళం చెక్కిన రాయి, మధ్యలో చంద్రుడు, పైన సూర్యుడు. చంద్రుడి రాళ్లు అన్నీ ఒకేలా ఉండవు, పాడ్యమి నుంచి పున్నమి దాకా కళలు మారుతూ గోడ చుట్టూ సాగుతాయి. పడమటి నడిమి గోపురంమీద సప్తర్షి మండలం నక్షత్రాలు, చివరి రెండూ ధ్రువనక్షత్రం వైపు చూపేట్టు. దారి తప్పినవాడికి దిక్కు దొరుకుతుందని ఏంజెల్ స్వయంగా ఇచ్చిన వివరణ. శనిగ్రహం రాళ్లు కూడా మొదట గీశాడు కానీ అవి చెక్కలేదు. ఏమైనా గోడ మొత్తం కింది నుంచి పైకి ఒక ఎక్కుడు: నేల, చంద్రుడు, సూర్యుడు. ఆ మతంలో పరలోకపు పై రెండు అంతస్తులకీ చంద్రుడూ సూర్యుడే గుర్తులు.

లోపలి నడక

లోపలి గదులు కూడా అదే ఎక్కుడు. అడుగు అంతస్తులో సృష్టి గది, దాని పక్కన ఏదెను తోట గది. అక్కణ్ణుంచి పెద్ద మెట్లవరస ఎక్కితే లోకం గది. ఆ తరవాత టెరెస్ట్రియల్ (పరలోకంలో మధ్య అంతస్తు) గది. దాని కొసన కమానుల్లో వేలాడే తెర. తెర దాటితే సెలెస్టియల్ (అన్నిటికన్నా పై అంతస్తు) గది: 60 అడుగులు, 45 అడుగులు, 34 అడుగుల ఎత్తు. గది గదికీ వెలుతురు పెరుగుతుంది, కప్పు ఎత్తు పెరుగుతుంది. క్రతువులో చెప్పే మనిషి కథని నటులు గదిలో ఎదురుగా నడిపిస్తుంటే, వచ్చినవాళ్లు కూర్చుని విని, లేచి, తరవాతి గదికి కాలినడకన వెళ్లేవారు.

తోట గదిలో గోడల నిండా చెట్లూ, వాగులూ, నాచు పట్టిన పల్లాలూ, ఒకదాన్నొకటి భయపెట్టని జంతువులూ ఉండేవి. కప్పుమీద మబ్బులు, సూర్యచంద్రులు, చుక్కలు. లోకం గదికి వస్తే అదే ప్రకృతి తిరగబడినట్టు: చీలిన బండలు, మెలితిరిగిన చెట్లు, కలబడుతున్న మృగాలు, పారిపోతున్న లేడి. టెరెస్ట్రియల్ గదికి రాగానే చిత్రాలు ఆగిపోతాయి, గోడలు తేలికరంగులోకి మారతాయి. రెండు గదుల నిండా బొమ్మలు చూసిన కంటికి మూడో గదిలో ఖాళీ గోడ ఎదురైతే దానికదే ఒక మాట. చిత్రాలు లేకపోతే ఆ ఖాళీకి అర్థం లేదు. వీటిని గదిలోని అలంకారాలుగా చూస్తే పొరపాటు పడతామని నేనంటున్నది అందుకే.

ఆ బొమ్మలు వేయడానికి సంఘం 1890లో జాన్ హాఫెన్, లోరస్ ప్రాట్, జాన్ ఫెయిర్‌బ్యాంక్స్‌లను పారిస్‌లోని అకాదమీ జూలియన్‌కి పంపింది. ఎడ్విన్ ఎవాన్స్ తరవాత కలిశాడు. మతప్రచారానికి పంపినట్టే వీళ్లనీ పంపారు, ఖర్చు సంఘానిది. ఆ సమయం ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. 1887 నాటి చట్టంతో ప్రభుత్వం సంఘం ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంటోంది, ఆలయ ప్రాంగణాన్నే అద్దెకి తీసుకుని పని నడిపించారు. 1890 చివర్లో బహుభార్యాత్వాన్ని ఆపుతున్నట్టు అప్పటి సంఘం అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ప్రకటించాడు. చేతిలో డబ్బు లేక, మతం ఉంటుందో పోతుందో తెలియని రోజుల్లో ఇలా కొందర్ని చిత్రకళ నేర్చుకోమని ఫ్రాన్స్ పంపారంటే, గోడమీద ఏం ఉండాలన్నది వాళ్లకెంత ముఖ్యమో తెలుస్తుంది. 1892 ఏప్రిల్‌లో శిఖరంమీద చివరి రాయి పెట్టాక మిగిలింది ఒకే ఒక్క ఏడాది. ఆ ఏడాదిలోనే లోపలి పనంతా ముగించారు.

98 ఐసోలేటర్లు

ఇప్పుడు మెచ్చుకోవాల్సిన పని దగ్గరికి వద్దాం. సాల్ట్ లేక్ సిటీ వాసాచ్ భ్రంశం పక్కనే ఉంది. ఊరి కింద నేల పూర్వకాలపు పెద్ద సరస్సు వదిలివెళ్లిన మెత్తటి ఒండ్రు, అది కుదుపుని పెంచుతుంది. 2019 డిసెంబరు చివర్లో ఆలయం మూసి పని మొదలుపెట్టిన మూడు నెలల్లోపే, 2020 మార్చి 18న, 5.7 తీవ్రతతో భూమి కంపించింది. తూర్పు నడిమి శిఖరంమీది మొరోనై దేవదూత చేతిలోని బూర ఊడిపడింది. సైరస్ డాలిన్ రాగిరేకు కొట్టి చేసి బంగారు పూత పూసిన విగ్రహం అది, 12 అడుగుల పైచిలుకు ఎత్తు. గాలికి విరగకుండా కాస్త ఊగేట్టు, కాళ్ల కిందినుంచి గోపురంలోకి ఇనుప కడ్డీ దించి దానికి బరువు వేలాడదీశారు. మనిషి అంత ముందుచూపుతో చేసింది కూడా 5.7కి బూర వదిలేసింది. అక్కడ 7 దాటే భూకంపానికి అవకాశముందని శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

తొమ్మిదడుగుల గోడకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. నిజానికి ఆ మందమే ప్రమాదం. భూకంపంలో కట్టడంమీద పడే బలం దాని బరువుతోపాటు పెరుగుతుంది. నేల జరిగితే అంత బరువున్న గోడ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, మధ్యలో తెగేది సున్నపు అతుకులు. రాయి నొక్కుడుకి ఎంతైనా ఓరుస్తుంది, లాగుడుకి ఓర్వదు. అందులోనూ గోపురాలు ఒక వేగంతో, మధ్య కట్టడం ఇంకో వేగంతో ఊగుతాయి కాబట్టి అవి కలిసే చోట ముందు చీలుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. లోపల కాంక్రీటు గోడలు పోసి బిగించేయడం ఒకటి: అప్పుడు లోపలి చెక్కుళ్లన్నీ పోతాయి, బరువు ఇంకా పెరుగుతుంది. నేల కదలికని కట్టడందాకా రానివ్వకపోవడం రెండోది. ఇక్కడ ఎంచుకున్నది రెండోదే. ఒక్కో ఐసోలేటర్ దాదాపు ఎనిమిది టన్నులు. లోపల జరిగేది సులభంగా చెప్పాలంటే: గుంట పళ్లేలు రెండు, కిందిది వెల్లకిలా, పైది బోర్లా, మధ్యలో జారే దిమ్మె. నేల జరిగినప్పుడు కింది పళ్లెం దానితో వెళ్తుంది, దిమ్మె వంపుమీద జారుతుంది, పైనున్న కట్టడం చాలా నెమ్మదిగా మాత్రమే ఊగుతుంది. కుదుపు ఆగగానే వంపు కారణంగా దాని బరువే దాన్ని నడిమధ్యకి తెస్తుంది. లోలకం ఎంతసేపటికోసారి ఊగుతుందో తాడు పొడవు నిర్ణయిస్తుంది గానీ గుండు బరువు కాదు. ఇక్కడ తాడు బదులు పళ్లెం వంపు. పాత రాతి కట్టడానికి ఇదెంత మేలంటే, గోపురాల వైపు ఎక్కువ బరువు, నడుమ తక్కువ బరువు ఉన్నా, రాపిడి కూడా బరువుకి తగ్గట్టే పడుతుంది కాబట్టి కట్టడం మెలితిరగదు.

కష్టం అదంతా బిగించడంలో ఉంది. నిలబడి ఉన్న గుడి కిందికి వీటిని చేర్చాలి. చుట్టూ తవ్వారు. పాత పునాది కింద అడ్డంగా పెద్ద ఉక్కు గొట్టాలు ఒకటొకటిగా జాకీలతో దూర్చి, లోపలి మట్టి తోడేసి, ఉక్కు తీగలు పెట్టి కాంక్రీటు నింపారు. గోడకి లోపలా బయటా పెద్ద కాంక్రీటు దూలాలు పోసి, తీగల్ని లాగి బిగించి, పాత రాతిపునాదిని రెండు చేతుల మధ్య పట్టుకున్నట్టు పట్టుకున్నారు. తరవాతే బరువుని కొంచెం కొంచెంగా ఐసోలేటర్లమీదికి దించాలి. ఒక మూల ఇంకో మూలకన్నా రవ్వంత ఎక్కువ కుంగినా పైన అతుకులు విచ్చుకుంటాయి కాబట్టి, ప్రతి దశలోనూ కొలుస్తూనే ఉండాలి. ఐసోలేటర్లు పక్కకి వచ్చే కుదుపునే ఆపుతాయి, కిందినుంచి పైకి వచ్చేదాన్ని పెద్దగా ఆపలేవు. అందుకే గోపురాల రాళ్లలోకి పైనుంచి నిలువునా బెజ్జాలు తొలిచి ఉక్కు తీగలు దించి బిగించారు.

ఇలాంటి కట్టడాల్లో చెడేది ఎక్కడంటే చుట్టూ వదిలే ఖాళీ దగ్గర. గుడి అయిదడుగులు జరగాలంటే చుట్టూ అంత కందకం ఉండాలి, దానిమీద జారే మూతలుండాలి. నీళ్ల గొట్టాలూ, కరెంటు తీగలూ, మెట్లూ ఆ గీత దాటేచోట వంగాలి లేదా జారాలి. ఏళ్లు గడిచాక ఎవరో ఆ ఖాళీలో పూలతొట్టి పెడతారు, గట్టి గొట్టం వేస్తారు. భూకంపం వచ్చినరోజు గుడి వెళ్లి దానికి కొట్టుకుంటుంది. రాబోయే వందేళ్లు చూసుకోవాల్సింది అదే.

ఇంత ఓపికతో ప్రతి రాయినీ నిలబెట్టినవాళ్లకి బొమ్మల్ని నిలబెట్టడం చేతకాలేదంటే నేను నమ్మను.

సినిమా వైపు వాదన

2021 మార్చిలో సంఘం ప్రకటించింది: నటులతో నడిచే పద్ధతి పోయి సినిమా పద్ధతి వస్తుంది, గదుల సంఖ్య పెరుగుతుంది, పాత చిత్రాలు ఉండవు. వాటిని ముందే వివరంగా ఫొటోలు తీశామనీ, కొన్ని భాగాల్ని దాచామనీ చెప్పింది.

దీని వెనకున్న కారణాల్లో అన్నిటికన్నా బలమైనది భాష. సినిమా అయితే క్రతువుని 80కి పైగా భాషల్లో వినిపించవచ్చు. ఈ వాదన తెలుగువాళ్లకి వేరేవాళ్లకన్నా బాగా అర్థమవ్వాలి. ఈ సంఘానికి భారతదేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. బెంగళూరులో దేశంలోనే మొదటి ఆలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరులో భూమిపూజ చేశారు. అది తెరిచేదాకా ఇక్కడి కుటుంబాలు జీవితంలో ఒక్కసారి ఆలయం చూడాలన్నా సముద్రం దాటి వెళ్లాల్సిందే. అప్పులు చేసి అంతదూరం వెళ్లిన అమ్మమ్మ ముందు ఇంగ్లీషులో నటులు నిలబడి మాట్లాడితే ఆవిడకేం ఒరుగుతుంది? గోడమీద బొమ్మ ఎంత బాగుంటేనేం, మాట అర్థం కాకపోతే? ఈ ప్రశ్నకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నడకకన్నా మాటే పెద్దదని ఆవిడంటే నేను తలవంచాల్సిందే.

సినిమా పుట్టిందే ఈ అవసరంలోంచి. 1955లో స్విట్జర్లండ్‌లోని బెర్న్ దగ్గర యూరప్‌లో మొదటి ఆలయం తెరిచారు. చిన్న కట్టడం, ఎన్నో భాషలవాళ్లు. ఒకే గదిలో కూర్చోబెట్టి ఎవరి భాషలో వాళ్లకి సినిమా చూపించారు. ఆ సినిమా తీసింది ఎక్కడో తెలుసా? సాల్ట్ లేక్ ఆలయం పైఅంతస్తులోని సభామండపంలోనే. తరవాత సంఘానికి అధ్యక్షుడైన గార్డన్ హింక్లీ ఆ పని చూసుకున్నాడు. ఆ తరవాత కట్టిన ఆలయాలన్నీ మెల్లగా అదే దారి పట్టాయి. చివరికి నటులతో క్రతువు జరిగే చోట్లు రెండే మిగిలాయి: సాల్ట్ లేక్, యూటాలోనే ఉన్న మాంటై.

ఇంకో వాదన కూడా ఉంది: ఇది వాడుకలో ఉన్న పూజాస్థలం, ప్రదర్శనశాల కాదు. భక్తుల అవసరం మారితే గుడి మారాలి. నిజమే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి ఆ పెద్ద మెట్లు ఎంత కష్టమో కూడా ఆలోచించాలి. ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: సినిమా కావాలంటే బొమ్మలు పోవాల్సిందేనా?

లోగన్ చెప్పింది, మాంటై చేసింది

యూటాలోనే ఉన్న లోగన్ ఆలయం 1884 నాటిది. 1976లో దాని లోపలంతా పడగొట్టి, గోడలు మాత్రం ఉంచి, సినిమా గదులతో కొత్తగా కట్టి 1979లో మళ్లీ ప్రతిష్ఠించారు. లోపల ముందుతరం పనితనం పోయినందుకు అప్పటి అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ బాధపడ్డాడు. అంటే సంఘానికి ఈ నష్టం సంగతి నలభై ఏళ్లుగా తెలుసు.

మాంటై ఆలయం 1888 నాటిది. అక్కడి లోకం గదిని 1947లో మినర్వా టైకెర్ట్ అనే చిత్రకారిణి నింపింది. 2021 మార్చి ప్రకటనలో మాంటై చిత్రాలకి కూడా ఇదే గతి రాసిపెట్టారు. సభ్యులే బాధపడ్డారు, ఉత్తరాలు రాశారు, మాట్లాడారు. రెండు నెలలు కూడా గడవకముందే, మే 1న, సంఘం నిర్ణయం మార్చుకుంది: మాంటైలో చిత్రాలు ఉన్నచోటే ఉంటాయి, పక్కనున్న ఎఫ్రయిమ్‌లో వేరే కొత్త ఆలయం కడతాం. 2024లో మాంటై మళ్లీ తెరిచారు. సినిమా వచ్చింది, బొమ్మలు గోడమీదే ఉన్నాయి.

దీంతో నా అనుమానం తీరిపోయింది. సినిమాకీ బొమ్మకీ వైరం లేదు. తోట గదిలో తెర దించి చూపించి, లేచి లోకం గదికి నడవమనవచ్చు. ఎక్కువమందికి చోటు చాలదంటే సాల్ట్ లేక్ లోయలోనే ఇప్పుడు వేరే ఆలయాలు చాలా ఉన్నాయి. తక్కువమంది వచ్చే పాత వరస ఒక్కటి సాల్ట్ లేక్‌లో ఉంచి, కొత్త గదులు ఉత్తరం వైపు ఎలాగూ కొత్తగా కట్టిన భాగంలో పెట్టుకోవచ్చు.

గోడలు బిగించాలంటే బొమ్మలు అడ్డమన్న మాటలో కొంత నిజముంటుంది. గోడమీది బొమ్మని తీయడం సున్నితమైన పని. గుడ్డమీద వేసి అంటించినదైతే జిగురు మెత్తబరిచి చుట్టగా విప్పుతారు. గచ్చుమీద నేరుగా వేసినదైతే రంగుమీద పల్చటి కాగితం జిగురుతో అంటించి, అది ఆరాక వెనక గచ్చుతో సహా ముక్కలుగా కోసి, గట్టి పలకమీదికి ఎక్కిస్తారు. తడి తగిలి ఉబ్బినచోట రంగు రేకులుగా రాలిపోతుంది, పాతకాలంలో బాగుచేసేవాళ్లు పైన వేసిన రంగు అసలు రంగుని పట్టుకుని ఊడిపోతుంది. అంతా దక్కకపోవచ్చు. కానీ కొన్ని భాగాలు దాచామని సంఘమే అంటోంది కదా. కొన్ని దక్కాయంటే మిగతావాటికీ ప్రయత్నం చేయవచ్చు.

జరిగిందేదో జరిగింది, గోడలు కొత్తగా పూసేశారు. ఇప్పుడు అడగగలిగింది చిన్నదే. 2027లో వచ్చేవాళ్లకి, పాత తోట గది ఉన్న చోట, దాచిన ఆ ముక్కల్ని తీసుకొచ్చి పెట్టండి. టాల్మేజ్ పుస్తకం కోసం తీసిన ఫొటోల్ని గోడంత పెద్దవి చేసి, ఏ గోడమీది బొమ్మ ఆ గోడవైపే వేలాడదీయండి. హాఫెన్, ప్రాట్, ఫెయిర్‌బ్యాంక్స్, ఎవాన్స్ పేర్లు కింద రాయండి. ఐసోలేటర్ ఎలా పనిచేస్తుందో చూపించే నమూనా ఎలాగూ పెడతారు, దాని పక్కనే ఇదీ పెట్టండి.

వెళ్లే వీలున్న మనవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. లోపలికి వెళ్లేముందు దక్షిణం గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రాతి కట్టు అడుగున భూగోళం, దానిపైన చంద్రుడు, ఇంకా పైన సూర్యుడు. మధ్యలో ఆ కోడిగుడ్డు కిటికీలు. ఆ వరస కళ్లలో పెట్టుకుని లోపలికెళ్లి, అది లోపల ఎక్కడ కనిపిస్తుందో వెతకండి.